బొట్టు కోసం తుడిచిన మైనం

హలో… ఆ, నేనే, మీ పద్మజ వదినని. మీటింగ్‌లో ఉంటే బయటికి రా. నా రైఫిల్‌ని ఈ గతికి తెచ్చింది నువ్వే శశీ. నువ్వూ, నీ ఆయుధపూజా.

…

ఏమీ చెయ్యలేదా? మొన్న సాయంత్రం పూజలో పెట్టడానికి గరాజ్‌లోంచి దాన్ని మోసుకొచ్చిందెవరు?

— ఆ. తెచ్చి ఏం చేశావు?

— బొట్టు పెట్టావు. అంతకుముందు?

… చెప్పు. నీ నోటితోనే చెప్పు.

— "జిడ్డుగా ఉంది, బొట్టు నిలవట్లేదు, అందుకని స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచాను." బాగుంది. ఆ జిడ్డు నేను పెట్టింది నాయనా. మైనం. మూడు పూతలు. ఒక్కోటీ ఆరనిచ్చి, గుడ్డపెట్టి రుద్ది, మళ్లీ పూసి.

— ఎందుకా? తుపాకీ కింద చెక్క ఉంటుంది కదా, ఇనుము ఆ గుంటలో కుదురుగా కూర్చోవాలి. నాది కూర్చోదు. పేల్చినప్పుడల్లా ఇసుమంత జరుగుతుంది. మూడు గుళ్లు కొడితే మూడు ఊళ్లకి పోతాయి. అందుకని గుంటలో ఎపాక్సీ జిగురు పోసి, ఇనుముని దాంట్లో కూర్చోబెట్టి గట్టిపడనివ్వాలి. అచ్చు దిగుతుంది. మైనం ఉంటే ఇనుము ఊడి వస్తుంది. లేకపోతే—

— ఆ. అదే. అతుక్కుపోయింది.

… నవ్వకు.

శశీ, నవ్వకు. మీ అన్నయ్య పొద్దున్నించీ నవ్వుతూనే ఉన్నారు. ఇద్దర్ని నేను భరించలేను.

— సరే, నా తప్పూ ఉంది. పూజయ్యాక ఆ కుంకుమ తుడిచి ఎపాక్సీలో పెట్టేశా. కింద మైనం ఉందో లేదో వేలు పెట్టి చూళ్లేదు. పావు వంతు నాది. ముప్పావు నీది.

— గన్‌స్మిత్ దగ్గరికా? తుపాకీ బాగుచెయ్యడానికి ఆరు వారాలంటాడు. ఆరు వారాలకి వేట సీజన్ ఎక్కడుంటుంది? అయినా వాడి దగ్గరికి పోవడానికా నేను ఏడాదంతా లైబ్రరీ పుస్తకాలు నమిలింది? ముందు పనికిరాని చెక్కమీద రెండుసార్లు చేసి చూశా. రెండుసార్లూ జామ్మని ఊడొచ్చింది. నువ్వు లేవు కదా అప్పుడు.

…

డీప్ ఫ్రీజర్‌లో ఉంది.

— రైఫిలే. పొద్దున ఆరింటినుంచీ. బోల్టు తీసేసి లాకర్‌లో పెట్టా, తూటాలు లేవు, కంగారుపడకు. చలికి ఇనుము కాస్త ముడుచుకుంటుంది. అప్పుడు కొడితే ఎపాక్సీ వదలొచ్చు.

— వదలొచ్చు అన్నా. వదులుతుంది అన్లేదు.

— ములక్కాడలూ కొబ్బరి తురుమూ కూలర్‌లో ఉన్నాయి. నీ చేపలు కూడా. ఐనా తిండి గోలేంటి ఇప్పుడు?

… ఎందుకంత పట్టుదలా? నువ్వు అడుగుతున్నావా ఆ మాట?

నిరుడు షూటింగ్ రేంజ్‌లో నువ్వూ ఉన్నావు. వేట క్యాంప్ లిస్టు రాసే చక్రపాణి నా టార్గెట్ కాగితం అందరికీ చూపించి, "వదిన చెయ్యి వణుకుతోంది, క్యాంప్‌కి వద్దులెండి" అన్నాడు. నువ్వు తలూపావు. నా పేరు కొట్టేసి నీరజ్ పేరు రాశారు. చెయ్యి కాదయ్యా, తుపాకీ అని మొత్తుకున్నా. గొట్టం చెక్కకి తగులుతోంది, మధ్యలో డాలర్ నోటు కూడా జారదు, చూడండి అన్నా. ఒక్కడు వంగి చూళ్లేదు. పెన్సిల్వేనియా క్యాంప్‌లో నాలుగే చోట్లు. ఇవాళ ఐదింటికి చక్రపాణి ఈ ఏటి లిస్టు పంపేస్తాడు. అందులోనూ నా పేరు లేదు.

— "తర్వాతి ఏడాది చూద్దాం." నిరుడూ అదే అన్నారు.

ఉండు. స్పీకర్‌లో పెడుతున్నా. ఇప్పుడే తీస్తాను, నువ్వూ విను. పారిపోకు.

… ఏవండీ, ఆ ఓవెన్ గ్లవ్స్ తొడుక్కోండి. గొట్టం పట్టుకోండి. ఎత్తి పెట్టండి, చెక్క కింద మెత్తటి దుప్పటి ఉండాలి. అబ్బ, నవ్వితే చెయ్యి కదులుతుందండీ.

— ఇంకా లేదు శశీ. రబ్బరు సుత్తితో కొడుతున్నా. విను.

…

— లేదు.

…

— ఇంకోటి. చెక్క పగిలితే మాత్రం నిన్ను—

… ఆగు.

… ఏమండీ, ఆ శబ్దం విన్నారా?

…

ఊడింది.

ఊడిందయ్యా. చెక్క చెక్కలాగే ఉంది, ఇనుము ఇనుములాగే. ఒక్క పెచ్చు లేవలేదు. అచ్చు చూడు ఎలా దిగిందో, అద్దంలా ఉంది. మధ్యలో ఎర్రగా చిన్న మరక… నీ కుంకుమే. తుడిచినా కొంచెం మిగిలినట్టుంది.

— ఫొటో తర్వాత పంపుతా. పొంగిపోకు. ఇంకో పరీక్ష ఉంది. మంచు చెమ్మ తుడిచి మళ్లీ బిగిస్తున్నా… వేళ్లు మొద్దుబారాయి.

ఇదిగో. గొట్టం చివర చెక్కకీ ఇనుముకీ మధ్య వేలు పెట్టా. ముందువైపు స్క్రూ వదులు చేస్తా. ఇదివరకు ఇలా వదిలితే గొట్టం పైకి ఎగిరేది, వేలికి తెలిసేది. అంటే చెక్క దాన్ని వంచి పట్టుకుందన్నమాట. ఇప్పుడు…

…

ఇంకో చుట్టు.

…

కదల్లేదు.

— వెంట్రుకంత కూడా లేదు. మీ అన్నయ్యతో కూడా వేలు పెట్టించా. ఆయనకీ కదలిక తెలియలేదు. నవ్వు ఆగింది పాపం.

— ఏంటి సారీ? సారీ నాకెందుకు? ఫ్రీజర్‌లో పెట్టుకోనా?

టైమెంతైంది? నాలుగూ ఇరవై. ఇంకా నలభై నిమిషాలుంది. విను. ఇప్పుడు చక్రపాణికి ఫోన్ చెయ్. మెసేజ్ కాదు, ఫోన్. "వణికింది తుపాకీ, వదిన చెయ్యి కాదు, నిరుడు నేను ఊరికే తలూపాను" అని చెప్పు. నాలుగో పేరు పద్మజ అని రాయించు. శనివారం అందరి ముందూ కొడతాను, గుళ్లు చెదిరితే లిస్టులో నా పేరు నేనే కొట్టేసుకుంటాను, అదీ చెప్పు.

— మీటింగ్ అయ్యాక కాదు.

— బతిమాలడం కూడా వద్దు. జరిగింది చెప్పు చాలు.

… ఇంకా లైన్‌లోనే ఉన్నావేం? నాది పెట్టెయ్. అతనికి కలుపు. ఇప్పుడే.