ఏకాంబరం బొటనవేలి బిల్లు

"ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకో గురప్పా, ఎన్నిసార్లు సూసినా అంకె తగ్గదు. భారతమ్మ లేచి కూసునిందంట గదా, ఇడ్లీ గూడా తినిందంట. యింగ నీకేం భయం? ఆ ఎదురుగా ఉండే క్లినిక్కుతోనే నేనూ ఒకసారి పెట్టుకున్న్యాను. చెప్తా విను."

చిత్తూరు బైపాసు పక్కన పంకజాక్షి టీ అంగడి అది. రోడ్డుకవతల ఇరవైనాలుగు గంటల అర్జెంటు వైద్యం అని బోర్డు. పొద్దున మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోస్తూ భారతమ్మ కళ్ళు తిరిగి పడిపోతే, మేస్త్రీ ఆటోలో తెచ్చి ఆ గుమ్మంలో దించి వెళ్ళిపోయాడు. సెలైను ఎక్కించాక ఆమె తేరుకుంది. ఆమె మొగుడు గురప్ప చేతికి మాత్రం నెల కూలికి మించిన బిల్లు వచ్చింది. కట్టేదాకా పంపరట, ఉన్నంతసేపూ మంచానికి గంటల లెక్కన ఇంకా ఎక్కుతుందట. ఎవరిని అప్పు అడగాలో తోచక గురప్ప బెంచీ మీద కూలబడితే, కాణిపాకంలో టెంకాయలమ్మే ఏకాంబరం పక్కన చేరాడు.

"నాకేం పెద్ద జబ్బు గాదప్పా. టెంకాయ కొడతా ఉంటే కత్తి జారి బొటనేలు తెగింది. పోతే రెండు కుట్లేసినారు. బాగానే ఏసినారు, అబద్ధమెందుకు? అయినాక బిల్లు సేతికిచ్చినారు. సూస్తే కుట్టుకొక రేటు, దారానికొక రేటు, దారం తెంచిన కత్తెరకొక రేటు. నేను కూసునింది స్టూలు మీద, రాసింది మంచం ఛార్జీ. నా యేలు సూసినందుకు డాక్టరుకు ఫీజు, ఆ యేలు ఫోటో ఫోన్లో సూసినందుకు ఇంకో డాక్టరుకు ఫీజు. ఆయప్ప యాడుండాడో, ఏ ఊరోడో నాకు తెలీదు. అప్పుడు నేనేం జేసినానో తెలుసా?"

"కట్టేసుంటావు," అన్నాడు ఆటో తోలే మునికుమార్.

"గమ్మునుండు. అరవలేదు, బల్ల గుద్దలేదు. కౌంటర్లో ఉండే పాపతో నిదానంగా ఒకే మాట అన్న్యాను. అమ్మా, ఈ బిల్లు నిజమని తలమింద నీళ్ళు పోసుకోనొచ్చి కాణిపాకం సామి ముందర ప్రమాణం జేస్తారా అని. మన పక్క ఆ సామి ముందర అబద్ధమాడేదానికి ఎట్టాంటోడికైనా భయమే గదా. ఆ పాప సెయ్యి కంప్యూటరు మింద అట్టే నిలిచిపోయింది. లోపల్నుంచి మేనేజరొచ్చినాడు, సగం కట్టు సాలన్నాడు. నాకు సగం వద్దు, సత్యం గావల్ల అన్న్యాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళ అంబులెన్సులోనే అందరమూ కాణిపాకం బయల్దేరినాము. డాక్టరు, మేనేజరు, మందుల చీటీలు రాసే పిల్లోడు, వాళ్ళ మజ్జన నేను, సైరను మోగిస్తా ఉంటే లారీలన్నీ పక్కకు జరిగినాయి."

"కంప్యూటర్ని గూడా తీసకపొయినారా?" అన్నాడు మునికుమార్.

"దాన్నే ముందు సీట్లో పెట్టినాము. యింగ సూడు, డాక్టరు గుడి కోనేట్లో మునిగి తడిబట్టల్తో సామి ముందరికొచ్చి సెయ్యి సాపినాడు. నోరు తెరిస్తే మాట రాలే. బిల్లు కాగితం మింద ఉండే అంకెలు ఒకటెనకాల ఒకటి సీమల మాదిరి దిగి యెల్లిపొయినాయి. తెల్ల కాగితం మిగిలింది. అప్పుడా డాక్టరు ఏడ్సి, నాకే గాదు, అంతకుముందు ఆడ కట్టినోళ్ళందరికీ దుడ్లు తిరిగిచ్చినాడు. తీసుకునేదానికి నిలబడిన లైను కాణిపాకంలో మొదలై ఈ పంకజ అంగడి దాకా వచ్చింది. మరుసటి దినానికి ఆ సంగతి తిరుపతికి పొయింది, తడ దాటి అరవోళ్ళ ఊర్లకు పొయింది. ఈ పొద్దుటికీ ఆ పక్క ఏ డాక్టరైనా బిల్లు రాయల్లంటే ముందు నాకు ఫోన్ జేసి, ఏకాంబరం గారూ, ఇంత రాయొచ్చునా అని అడిగి రాస్తాడు."

ఏకాంబరం ఇదంతా ఇంట్లో చావు సంగతి చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు. ఆయన కథలకు రోజూ నవ్వే మునికుమార్ కూడా గురప్ప మొహం చూసి నవ్వలేదు. గురప్ప ఒక్క మాటా పోనివ్వకుండా విన్నాడు, విని లేచి నిలబడ్డాడు.

"అయితే పదన్నా. ఆ మాటేదో నా కోసం ఇంకొక్కసారి చెప్పు. రోడ్డు దాటితే సాలు."

ఏకాంబరం బెంచీ మీంచి లేవలేదు. ఆ డాక్టరిప్పుడు లేడన్నాడు, మేనేజరు మారినాడన్నాడు, తనకు సంతలో పనుందన్నాడు. గురప్ప అలాగే నిలబడి చూస్తున్నాడు. పంకజాక్షికి ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

"ఈయన మాట నమ్ముకోని ఆడికి పోవద్దు గురప్పా. ఆ పొద్దు బిల్లంతా కట్టినాడు. కట్టి, మేనేజరుకు నమస్కారం గూడా పెట్టి, వచ్చి ఈ బెంచీ మిందే కూసోని ఏడ్సినాడు. నొప్పిగా ఉందా అన్నా అని అడిగితే, నొప్పి గాదు పంకజా, ఇదేందని అడిగేదానికి నాకు నోరు రాలేదు అన్న్యాడు. మొగం కడుక్కునేదానికి నీళ్ళు నేనే ఇచ్చినాను."

ఏకాంబరం తల వంచుకుని తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. ఆయన్ని చూస్తే మునికుమార్‌కు కూడా జాలేసింది. గురప్పకూ కోపం రాలేదు. అతను బిల్లు తీసి విప్పి, పట్టుకోమని ఏకాంబరం చేతికే ఇచ్చాడు.

"అయినా రాన్నా. నాకూ నోరు రాదు. లోపల ఆ ఏసీ గదిలోకి పోతానే అడగాలనుకునిందంతా మర్సిపోతాను. నువ్వేం మాట్లాడే పన్లేదు, నా పక్కన నిలబడు సాలు. దేనికెంతో ఇడదీసి రాసీయమని నేనే అడుగుతాను."

ఏకాంబరం లేచాడు. ఇద్దరూ లారీలు పోయేదాకా ఆగి రోడ్డు దాటారు. బిల్లు పట్టుకున్న చేత్తోనే ఏకాంబరం ఆ అద్దాల తలుపు తోసి, గురప్ప పక్కనే లోపలికి నడిచాడు.