రంగు కింద

భూపాలపల్లి దగ్గరి చెరువు గట్టు. నీళ్ల మీద నిలబడి నడిపే తెరచాప బోర్డులు తయారుచేసే కల్యాణ్, చెరువు కాపలాదారు హీర్యా.

“గట్టియేనా గట్టియేనా అని ఎన్నిసార్లడుగుతవ్ హీర్యా? డోర్నకల్‌ల నా షెడ్డుల దగ్గరుండి చేయించిన.”

“పోయినేడు గూడ గిదే మాట చెప్పినవ్ సార్.”

“మళ్లా గదే ముచ్చటనా? నీ పెండ్లాం చాందీకి దాని మీద నిలబడుడు రాలే. ఒరిగింది, నీళ్లల్ల పడి సచ్చిపోయింది. నేనేం జేత్తు?”

“బోర్డు నడుమకు ఇరిగింది.”

“ఆమె జర బరువు గూడ ఎక్కువనే గద.”

“బరువా?”

“ఊకో ఇగ. కొత్తయి వచ్చినయ్, పెద్దసార్లొచ్చి రిబ్బన్ కోస్తరు. మా బిడ్డ కీర్తన ఏది? ఫోటోలు దిగుతనని వచ్చింది.”

“అగో, చెరువు నడుమ. ఎర్ర బోర్డు మీద.”

“ఏంది?”

“నేర్సుకుంటనన్నది, ఎక్కించిన. తెరచాపకు గాలి నిండింది, సర్రున పోయింది.”

“నా బోర్డు మీదనా? పిలువ్! ఎన్కకు పిలువ్!”

“గట్టియే అంటివి గద.”

“పిలువ్ రా! దానికి ఈత రాదు! నాకూ రాదు!”

“చాందీకి గూడ రాకుండె. బోర్డు లోపల ఏం పెట్టినవ్?”

“థర్మకోల్! టీవీ డబ్బలల్ల వచ్చేది, ముక్కలు ముక్కలు. సాలునా?”

“పైన ఫైబర్ గుడ్డ ఎన్ని పొరలు?”

“ఒక్కటే పొర. లప్పం కొట్టి రంగేసిన. నీళ్లు తాగుతది, ఇరుగుతది. అన్నా, దండం పెడత, నీ తెప్ప ఏది?”

“తెప్ప లేదు. గీ బోర్డున్నది. నీదాని పక్కన పెట్టి చూద్దామని సార్లు చెన్నై నుంచి ఒకటి తెప్పిచ్చిన్రు. అది మునుగది.”

“గిది గూడ నాదాని లెక్కనే ఎర్రగున్నదేంది?”

“చూస్తె తెల్వదా? చేసేటోనివి.”

“జరుగు, జరుగు! కీర్తనా! కదలకు బిడ్డా, వస్తున్న!”

“బోర్ల పండు. చేతులతోని నీళ్లు గుంజు. ఆ, పో. ఇంకా పో. లోతుకు పో.”

“హీర్యా! పొట్ట కింద మెత్తగైతంది! పటపటమంటంది!”

“నీ బిడ్డకేం గాదు. భయపడకు.”

“గది కాదన్నా, నా కింద, నా కింద...”

“చెన్నైది నీ బిడ్డ కిందున్నది కల్యాణ్. నీ కిందున్నది నువ్వు చేసింది.”