రాగిరేకు మీది పుట్టుమచ్చ

న్యూరెంబర్గ్‌లో చెక్కుడు పనివాడు యోర్గ్ పోయాక, పొరుగింటి కంసాలి ఒకనాడు అతని భార్య దగ్గరికి వచ్చాడు. ఆమె ఒక్కతే కూర్చుని జావ తాగుతోంది. బల్లకి అవతల, మొగుడు కూర్చునే చోట, పెళ్లికూతురికిచ్చే కత్తుల పిడి నమూనా చెక్కిన అచ్చు రాగిరేకు నిలబెట్టి ఉంది.

“అత్తా, ఆ రేకు నాకిచ్చెయ్యి. నున్నగా అరగదీసి కొత్త నమూనా చెక్కుకుంటాను.”

“ఆ పిడి మీద మీ మామ తన మొహమే చెక్కుకున్నాడురా.”

“దాంతో అచ్చేసిన కాగితాలు ఊరినిండా ఉన్నాయిగా! ఒకటి తెచ్చి గోడకి అంటిస్తాలే.”

“అచ్చులో కుడి ఎడమవుతుందిగా, కాగితం మీద ఆయన మచ్చ ఎడమ బుగ్గకొచ్చింది. తిరగేసి చెక్కాలన్నది ఆ పూట మరిచిపోయాడు, పిచ్చి మారాజు!”

“ఏ బుగ్గయితేనేం అత్తా?”

“ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని తిన్నదాన్ని. నాకు ఈ రేకు మీద ఉన్నట్టు కుడి బుగ్గనే ఉండాలి.”

“సరేలే. కాసేపు కూర్చోనా?”

“కూర్చో నాయనా. ఎదురుగా కాదు, ఇటు పక్కన.”