రోజూ గడ్డం గీయించుకునే బొమ్మ

కత్తెర బాబాయ్ టీకి కూర్చున్నాడంటే సగం గ్లాసే తాగేవాడు. మిగతా సగం చేతిలోనే చల్లారిపోయేది. ఆ చల్లారే సగంలోనే ఆయన కథలన్నీ జరిగేవి.

నలభై ఏళ్లు ఆ టీకొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల సెలూన్ నడిపాడాయన. కిందటేడు అద్దాలూ కుర్చీలూ అల్లుడికి అప్పగించి, లైబ్రరీ మేడమీద సాయంత్రాలు జరిగే డ్రాయింగు క్లాసులో చేరాడు. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిది. చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే కాబట్టి, ఈ వయసులో ఇదేం పని అని ఎవరూ అడగలేదు. పైగా టీకొట్టులో కోతలకి కొత్త సరుకు దొరికిందని సంతోషించారు.

ఆ రోజు మాత్రం ఆయన మనసు కుదురుగా లేదు. క్లాసులో అందరి బొమ్మలూ లైబ్రరీ హాల్లో తగిలించి మూడు రోజులైంది. ఆ సాయంత్రం ఆరింటికి దించేస్తారు. తలా మూడు ఆహ్వాన కార్డులిచ్చారు. బాబాయ్ కార్డులు మూడూ వారం రోజులుగా చొక్కా జేబులోనే నలుగుతున్నాయి. ఇస్తే ఈ టీకొట్టు బెంచీవాళ్లు వస్తారు, వస్తే బొమ్మ చూస్తారు, చూస్తే ఏడాదిగా తను చెప్పిన గొప్పలన్నీ బయటపడతాయి. ఇవ్వకపోతే, జన్మలో మొదటిసారి గోడకెక్కిన బొమ్మని తనవాళ్లు ఒక్కరూ చూడకుండానే మేకు మీంచి దించేస్తారు. రెండింట్లో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోయాడు. తేలనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అసలు మొదటిరోజు క్లాసులో ఏం జరిగిందో చెప్పానా?"

"చెప్పావు," అన్నాడు పక్క వీధి టైలర్, చెవి మీద పెన్సిల్ సర్దుకుంటూ.

"చెప్పలేదు," అన్నాడు రిటైరైన బస్సు కండక్టర్, బన్ను టీలో ముంచుతూ. "నాకైతే చెప్పలేదు. కానీయ్."

"మా టీచరమ్మ ఉందే, నా మనవరాలి వయసు, పాపం బాగానే చెప్తుంది, ఆవిడ అందరికీ పెన్సిళ్లిచ్చి తిన్నగా ఒక గీత గీయమంది, స్కేలు ముట్టుకోకూడదట, సరే, నలభై ఏళ్లు జనాల చెవుల పక్కన కత్తి ఆడించిన చెయ్యి కదా, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాను. ఆవిడ అనుమానం మనిషి. స్కేలు తెచ్చి నా గీత పక్కన పెట్టి చూసింది. చూసి ఏం చేసిందో తెలుసా? స్కేలు తీసి కిటికీలోంచి బయట పారేసింది."

"ఎందుకూ?"

"వంకరగా ఉందని. స్కేలు!"

కొట్టు నడిపే అమ్మాయి కెటిల్ వెనకనుంచి కిసుక్కుమంది. అమ్మాయంటే ఆమెకీ నలభై దాటాయి, కానీ బాబాయ్‌కి అమ్మాయే.

"అదేముందిలే, గీత ఎవడైనా గీస్తాడు. రెండోవారం బల్ల మీద యాపిల్ పెట్టారు. గీశాను. గొప్పేం లేదు, మామూలు యాపిలే. మర్నాడు వచ్చి చూస్తే దాని మీద పంటి గాటు!"

"ఎలకేమో."

"ఎలకైతే కాగితం కొరుకుతుందిరా. కాగితం చెక్కుచెదరలేదు, యాపిలే కొరికేసి ఉంది. చివరికి వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. ఆకలేసి ఆగలేకపోయాను సార్ అన్నాడు. కాస్త పుల్లగా ఉందట. అది మాత్రం నా తప్పే, ఆకుపచ్చ ఎక్కువ పడింది."

కండక్టర్‌కి పొలమారింది. టైలర్ వాడి వీపు చరుస్తూ తనూ నవ్వాడు. బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. నవ్వేవాళ్లు ఎదురుగా ఉంటే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

"ఇవన్నీ పిల్లచేష్టలు. అసలు పనితనమంతా ముఖంలో ఉంది. ముఖం గీయడం అందరివల్లా కాదు." ఈ మాట అంటూ ఎందుకో జేబు తడుముకున్నాడు. "లైబ్రరీ గుమస్తా ఉన్నాడు చూశారూ, ఆయన ముఖం గీశాను. శుక్రవారం సాయంత్రానికి పూర్తిచేశాను, గడ్డం నున్నగా, చెంప మీద ఈగ వాలితే జారేలా ఉంది, గోడకి తగిలించి ఇంటికెళ్లిపోయాను. శని, ఆదివారాలు సెలవు. సోమవారం వచ్చి తలుపు తీసి చూస్తే ఏమైందో తెలుసా?"

ఇక్కడ ఒక్క గుక్క తాగాడు.

"గడ్డం పెరిగింది."

"ఎవరికి?"

"బొమ్మకి! సరిగ్గా రెండు రోజుల గడ్డం. ఎడమ చెంప మీద కాస్త పలచన, అసలాయనకీ అంతే. మరి చూస్తూ ఊరుకుంటానా? ఇంటికి పరిగెత్తి పాత పెట్టె దించాను, కత్తి తోలుపట్టీ మీద నూరాను, బొమ్మ మెడకి తెల్లగుడ్డ చుట్టాను..."

"మెడ కూడా గీశావా? కాలర్ ఎంత?" అన్నాడు టైలర్.

"పదిహేనున్నర," అన్నాడు బాబాయ్ తడుముకోకుండా. "నురగ పట్టించి గీస్తుంటే దవడ కింద చిన్న గాటు పడింది. నా చేతి తప్పు కాదు, బొమ్మే కదిలింది. ఎర్రగా ఒక్క చుక్క. రంగేమో అనుకుని పటిక రాశాను. 'స్స్' అంది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వెళ్లి గీయాల్సిందే. ఒకరోజు జ్వరమొచ్చి మానేస్తే, అలిగి ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మాట్లాడింది!"

"మాట్లాడ్డం ఎప్పుడో మొదలెట్టింది, అదీ ఒక విషయమేనా? డ్యూటీకెళ్లింది! అసలు గుమస్తా ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటే, బొమ్మ ఫ్రేములోంచి దిగి, ఆయన కుర్చీలో కూర్చుని, రిజిస్టర్లో సంతకం పెట్టి, పదేళ్లుగా సర్దని పుస్తకాలన్నీ సాయంత్రానికల్లా సర్దేసింది. ఒక్కసారి టీకి లేవలేదు, ఒక్కర్ని కసురుకోలేదు. ఆ రోజే పై అధికారి తనిఖీకొచ్చాడు. చూశాడు. మురిసిపోయాడు. అక్కడికక్కడే ప్రమోషన్ ఇచ్చాడు."

"గుమస్తాకా?"

"బొమ్మకిరా బాబూ! ఇప్పుడు గుమస్తా పొద్దున్నే వచ్చి బొమ్మకి దణ్ణం పెట్టి సెలవు చీటీ ఇచ్చుకుంటున్నాడు. వాళ్లావిడ సంగతి అడగరేం? చెప్పిన మాట వినే మనిషి ఇన్నాళ్లకి దొరికాడు, సాయంత్రం బొమ్మనే ఇంటికి పంపండి, మా ఆయన్ని మీ గోడకి తగిలించుకోండి అంది!"

బెంచీ ఊగిపోయింది. టైలర్ కళ్లు తుడుచుకున్నాడు. కండక్టర్ చేతిలో బన్ను టీలో మునిగిపోయింది. ఇదే అదను అనుకున్నాడు బాబాయ్. చెయ్యి జేబులోకి వెళ్లింది, కార్డుల అంచు వేళ్లకి తగిలింది, అంతలోనే ధైర్యం చాల్లేదు. చెయ్యి వట్టిదే బయటికొచ్చింది.

"మీకు చూపిద్దామన్నా కుదరదు," అన్నాడు తొందరగా. "ఆ బొమ్మకి బదిలీ అయిపోయింది."

అమ్మాయి స్టవ్ తగ్గించింది.

"బాబాయ్, లైబ్రరీకి టీ పట్టుకెళ్లేది నేనే కదా."

"అయితే?"

"మొన్న వెళ్లినప్పుడు హాల్లో కిటికీ పక్కన నీ పేరు చూశాను. నిన్న కొట్టు కట్టేశాక వీళ్లిద్దర్నీ కూడా తీసుకెళ్లాను."

బాబాయ్ బెంచీ వైపు తిరిగాడు. బెంచీ మీద ఇద్దరూ గ్లాసుల్లోకి చూస్తున్నారు.

"గుమస్తా లేడు, గడ్డమూ లేదు," అంది అమ్మాయి. "అసలు ముఖమే లేదు. ఈ బెంచీ మీద రెండు వీపులు, రెండు తలకాయలు. వాటికి ఎదురుగా నేను. నా ముఖం ఉండాల్సిన చోట కెటిల్ ఆవిరి!"

"ఆవిరి మాత్రం భలే కుదిరింది," అన్నాడు కండక్టర్ మెల్లిగా.

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"రాదమ్మా," అన్నాడు. "ముఖం నాకు రాదు. నలభై ఏళ్లు సెలూన్లోంచి చూస్తే కనిపించింది మీ వీపులే. కుర్చీలో కూర్చోబెట్టినా వెనకనుంచే చూశాను. ముందుకొస్తే నురగే. పోనీ నేర్చుకుందామని కళ్లు గీస్తానా, అవి నావంకే చూస్తాయి, ఈ వయసులో నువ్వా గీసేది అన్నట్టు. చెయ్యి వణికిపోతుంది. గొంతు మీద కత్తి పెట్టినప్పుడు కూడా వణకని చెయ్యి."

నవ్వుతారనుకుని తల దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఆ రెండు సుడులవాడు వీడేనని నేను గుమ్మంలోనే పట్టేశాను," అన్నాడు టైలర్, కండక్టర్‌ని చూపిస్తూ. "పక్కన బట్టతలవాడెవడో ఎంతకీ తెలియలేదు."

"నువ్వేరా అంటే ఒప్పుకోడే!" కండక్టర్ లేచి నిలబడ్డాడు. "నాకు బట్టతలేంటని హాల్లో అందరి ముందూ అరగంట కొట్లాడాడు. నాకు రెండు సుడులున్న సంగతి మాత్రం నాకెవడు చెప్పాడు?"

"ఇంటికెళ్లి రెండద్దాలు పెట్టుకుని చూసుకున్నాను బాబాయ్," అన్నాడు టైలర్ తల వెనక తడుముకుంటూ. "నిజమే, బిస్కెట్టంత ఉంది. ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పలేదా?" బాబాయ్ తలెత్తాడు. "పని అయిన ప్రతిసారీ వెనకాల అద్దం పట్టుకుని నిలబడ్డాను కదరా! ఒక్కసారైనా చూశారా? బాగుంది బాగుంది అని తలూపి లేచిపోయేవాళ్లు." అంతలో ఆ అరగంట సంగతి బుర్రకెక్కి, ముఖం విప్పారింది. "అరగంట చూశారా, నిజంగా?"

"వాచ్‌మన్ వచ్చి బయటికి పొమ్మనేదాకా."

ఏడాదిగా చెప్పిన ఏ కోతకీ ఆయనకి అంత సంతోషం కలగలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే, ఆవిరి అన్నాడు.

"వీళ్ల సంగతి తేలిపోయింది. మరి నా సంగతేంటి?" అంది అమ్మాయి. "ఆరింటికి దించాక ఆ బొమ్మ నా కొట్టులోనే వేలాడాలి. నాకు ముఖం లేకుండా తగిలించుకోనా?"

స్టవ్ ఆర్పేసింది. కెటిల్ మీద మూత పెట్టింది. స్టూలు లాక్కుని వచ్చి బాబాయ్‌కి ఎదురుగా కూర్చుంది.

"ఇదిగో, ఆవిరి లేదు. గియ్యి."

టైలర్ చెవి మీది పెన్సిల్ తీసిచ్చాడు. బాబాయ్ జేబులోంచి కార్డొకటి తీసి, వెనక తెల్లటి వైపు తిప్పుకున్నాడు. ఎదురుగా రెండు కళ్లు తిన్నగా ఆయన్నే చూస్తున్నాయి. వాటిలో నవ్వుంది. ఆయన ఊపిరి బిగబట్టి పెన్సిల్ ఆనించాడు. చెయ్యి వణికింది. అయినా ఎత్తలేదు.

పెన్సిల్ మెల్లిగా కదులుతోంది. కండక్టర్ ఆగలేకపోయాడు.

"ఏంటి బాబాయ్, నోరు మూతపడింది? ఆ తర్వాత ఏమైంది?"

"నాకూ తెలీదురా," అన్నాడు బాబాయ్ కార్డు మీంచి తలెత్తకుండా. "ఇంకా ఒక కన్నే అయింది."