ఎడమ చేతి బీడీ

ఎల్లారెడ్డిలో తమ ఇంటి అరుగు మీద గంగమణి కూతురికి బీడీలు చుట్టడం నేర్పుతోంది. కూతురిది పుట్టుకతోనే ఎడమ చేతి వాటం. పట్టిన ఆకల్లా చినిగిపోతోంది.

“మళ్ల చింపినవ్! కుడి చెయ్యితోని చుట్టుమంటే ఇనవేంది బిడ్డా?”

“చుడుతనే ఉన్న గదా అవ్వా. ఆ చెయ్యే నా మాట ఇంటలేదు.”

“రేపు నాకేమన్న అయితే ఎట్ల బతుకుతవ్? అల్లుడు దుబాయి నుంచి రాకనే పోతే?”

“మంచిమాట ఒక్కటన్న రాదా నీ నోట్లకెల్లి? ఎడమ చెయ్యితోని చుట్టనియ్యరాదు?”

“ఉల్టా చుట్టిన బీడీలు కార్ఖానోళ్లు తీసి పారేస్తరు!”

“ఇప్పుడు చినిగినయి మనం పారేస్తలేమా? సరే, నువ్వొక్కటి ఎడమ చెయ్యితోని చుట్టు, చూస్త.”

గంగమణికి రోషం వచ్చింది. పెళ్లికి ముందు నుంచి బీడీలు చుడుతున్న మనిషి! ఆకు తీసుకుంది. సగం చుట్టకముందే అది చినిగి, పొగాకంతా ఒళ్లో పడింది.

“పొద్దటి సంది నాకు గిట్లనే ఉన్నదే అవ్వా.”

గంగమణి ఒళ్లోని పొగాకును చాటలోకి దులిపింది. తర్వాత పొగాకు చాటను కూతురికి ఎడమవైపు జరిపింది.

“చుట్టు, నీకెట్ల వస్తే అట్ల. ఆకులు మాత్రం నేనే కత్తిరిస్త. ఎడమ చేతిల కత్తెర పడితే వేలు కోసుకుంటవ్!”