పల్లవి ఫోను ఛార్జింగులో ఉంది

నా పేరు నళిని, వయసు నలభై తొమ్మిది. నారాయణగూడలో ఒక లాయరు గారి దగ్గర టైపిస్టుని. చిక్కడపల్లిలో, సెంట్రల్ లైబ్రరీ దగ్గరి సందులో, ఒక్కదాన్నే కిరాయికి ఉంటున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి వాంగ్మూలాలు టైపు చేస్తున్నాను కనుక, చెప్పింది చెప్పినట్టే రాయమని ఎస్సై గారిని ముందే కోరాను.

2024 డిసెంబరు 14, శనివారం, ఒక ట్రెక్కింగు గ్రూపుతో అనంతగిరి కొండలకు వెళ్ళాను. రెండు రోజులు గుడారాల్లో మకాం. అక్కడ కరెంటు లేదు. మడత విప్పితే నాలుగు పలకలయ్యే సోలార్ ఛార్జరు నా ఒక్కదాని దగ్గరే ఉంది. ఆదివారం ఉదయానికి అందరి ఫోన్లలో ఛార్జింగు అడుగంటింది. అప్పుడే నాతో మాట కలిపారు. పేరు అడగలేదు, ఛార్జర్ అక్క అన్నారు. అశోక్‌నగర్‌లో ఉండే పల్లవి తన ఫోనిచ్చి, "అక్కా, జర చూస్కో, వాగు దాకా పోయొస్తం" అంది. నన్ను రమ్మని ఎవరూ అనలేదు.

ఐదు ఫోన్లు ముందు పెట్టుకుని బండమీద కూర్చున్నాను. అరగంటకోసారి పలకలను ఎండవైపు తిప్పాను. పదకొండున్నరకు పల్లవి ఫోను మోగింది. తెరమీద 'అమ్మ' అని ఉంది. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి, పాపం కంగారు పడుతున్నారేమోనని ఎత్తాను. పల్లవి స్నేహితురాలినని, ఫోను ఛార్జింగులో ఉందని చెప్పాను. స్నేహితురాలినన్నది అబద్ధం.

ఆవిడ పేరు వేదవతి గారు. "నువ్వేమన్నా తిన్నావా అమ్మా?" అని అడిగారు. నన్ను ఆ మాట ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. పెట్టేసే ముందు, అప్పుడప్పుడూ ఫోన్ చేస్తూ ఉండమన్నారు. అందరూ అనే మాటే. నేను నిజమనుకుని తెరమీది నంబరు రాసుకున్నాను.

సోమవారం నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి చేశాను. ఆవిడ దొండకాయ వేపుడు గురించి, మోకాళ్ళ గురించి చెప్పేవారు. నేను పల్లవి గురించి చెప్పేదాన్ని. ఇద్దరం కలిసి టీ తాగామని, నాకు జ్వరమొస్తే పల్లవి మందులు తెచ్చిందని చెప్పాను. అన్నీ కల్పించినవే. బ్యాంకు వివరాలు గానీ, మరేదీ గానీ అడగలేదు. ఆదివారాలు పల్లవి ఇంట్లో ఉంటుంది కాబట్టి చేయలేదు. చేస్తున్నది తప్పని నాకు తెలుసనడానికి అదే రుజువు, రాసుకోండి.

జనవరి 18, శనివారం, నాలుగింటికి చేస్తే వేరే గొంతు ఎవరని అడిగింది.

"పల్లవి స్నేహితురాలిని" అన్నాను.

"నేనే పల్లవిని. నువ్వెవరు?"

ఫోను పెట్టేశాను. ఆ అమ్మాయి ఫిర్యాదు చేయడం న్యాయమే. వాళ్ళమ్మ రెండు రోజులుగా ఫోను ముట్టడం లేదట. ఆవిడను భయపెట్టినందుకు నాకు చాలా బాధగా ఉంది.

"ఫోన్ చేసుకోనీకి మీకు ఇంకెవ్వరు లేరా మేడమ్?" అని ఎస్సై గారు అడిగారు. అది కేసుకు సంబంధం లేని ప్రశ్న అన్నాను.

నంబరు తీసేయమంటే ఆయన ఎదుటే తీసేశాను. ఇకమీదట చేయనని రాసిచ్చాను. కానీ ఆ నంబరు నాకు నోటికి వచ్చు. ఆ సంగతి దాచి సంతకం పెట్టలేను కనుక, అది కూడా చేర్చమన్నాను.

పైదంతా చదివి వినిపించారు. నేను చెప్పినదే, ఇందులో ఒక్క మాట కూడా కల్పన లేదు.

(సంతకం) నళిని
చిక్కడపల్లి, 20-01-2025