రెండో గంట

ఆదివారం పొద్దు. తెల్లారీ తెల్లారలేదు, ముసురు. ముసురు పడితే ఇప్పటికీ నాకు మా అత్త సువార్తమ్మే కనపడుద్ది, పొయ్యి ముందు కూర్చుని తడిపుల్లలు ఊదతా. నేనప్పుడు కొత్త కోడల్ని. ఆ యేడు ఏమైందంటే, నాట్లు ఆదివారం పడ్డాయి. పానకాలుగారని కామందు, మా పేటంతా ఆయన పొలాల్లోనే బతికేది. నారు ముదిరిపోతంది రండి అన్నాడు. ఆదివారం దిగమండీ, సోమారం చీకటితోనే వస్తాం అంది మా అత్త. అంతే అనుకోండి. అయితే మీ దేవుడే పెడతాడులే కూడు అని, కాలవ అవతల నించి మనుషుల్ని దింపాడు. నాట్లూ వాళ్ళే, కలుపూ వాళ్ళే. ఆ వానాకాలం మేం ఏం తిన్నామంటే, నత్తలు తిన్నాం, పీతలు తిన్నాం, గట్టు మీద తోటకూర తిన్నాం, మళ్ళీ నత్తలు తిన్నాం. అయినా మా అత్త ఎసట్లో పోసే ముందు గుడికని పిడికెడు బియ్యం తీసి పక్కనెట్టేది. నూకలైతే నూకలే. "నత్తల్లో కూడా పిడికెడు తియ్యమ్మా, పాస్టరుగారు ఇష్టంగా తింటారు" అని మా మరిది తీమోతి ఎక్కిరించేవాడు.

పైగా దారిలో పానకాలుగారు ఎదురైతే ఆగి దండం పెట్టేది. ఆయన చూడనట్టు పోయేవాడు. మా ఆయన ఏసోబుకి ఒళ్ళు మండిపోయేది. "ఎందుకమ్మా ఆ దండాలు? లోబడి లోబడి నడుం వంగిపోయింది మనకి." ఆవిడేమో, "నా దండం నేను పెట్టా. ఆయన దండం ఆయనింట్లో దాచుకోమను" అనేది. "ఓర్చుకోడమంటే నోరు మూసుకోడం కాదురా. ఆదివారం రామని చెప్పింది ఈ నోరేగా. చెప్పినందుకు పడ్డ దెబ్బ తట్టుకోవాలి. తట్టుకున్నాక పగ పెట్టుకోకూడదు."

సరే, ఆ ముసురు ఆదివారం. మా గుడిలో మూడు గంటలు కొడతారు. మొదటి గంటకి స్నానం, రెండో గంటకి బయల్దేరడం, మూడో గంటకి పాట. ఆ పొద్దు గంటేమో ఎడాపెడా మోగుతోంది. మొదటిది నిద్దర్లో పోయింది, ఇది రెండోది అనుకుంది పేటంతా. చూసుకోండి మరి హడావుడి. నెత్తిన చెంబుడు నీళ్ళు పోసుకుని, పెట్టెలో తెల్లబట్టలు తీసి కట్టుకుని, బైబిలు గుడ్డలో చుట్టుకుని పోయాం. పోతే గంట తాడు పట్టుకుని ఎవరున్నారు? పానకాలుగారు. మోకాళ్ళ దాకా బురద. "మురుగుకాలవకి గండి పడింది" అన్నాడు. రమ్మనలేదు. ఆయన తెచ్చుకున్న మనుషులు కలుపవగానే వెళ్ళిపోయారాయె. వరి పొట్ట మీదుంది. నీళ్ళు నిలిస్తే ఆ యేటికి గింజ ఉండదు.

మా ఆయన మేనమామ, సంఘపెద్ద జకర్యా మావయ్య బైబిలు చంకలో పెట్టుకుని, "ఆదివారమండీ" అన్నాడు మెల్లిగా. ఆడోళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయనైతే, "కూడు మా దేవుడు పెడతాడన్నారుగా, గండి కూడా ఆయన్నే పూడ్చమనండి" అన్నాడు. పానకాలుగారు నేల చూస్తా నిలబడ్డాడు. మా అత్త ముందుకొచ్చి, ఎప్పట్లాగే దండం పెట్టింది. ఆయన తాడొదిలి రెండు చేతులూ ఎత్తి తిరిగి దండం పెట్టాడు. ఆవిడ కొడుకు వైపు తిరిగి, "పగోడి గాడిద పడిపోయినా లేపమనే రాసుంది. కావాలంటే మీ మావయ్య చంకలో ఉంది, తీసి చూడు" అంది. పానకాలుగారు వింటానే ఉన్నాడు పాపం.

ఆ తెల్లబట్టల్తోనే అందరం దిగాం. గండి పూడాలంటే ముందు నీటి జోరు తగ్గాలి. మగాళ్ళు భుజం భుజం కలిపి అడ్డంగా గోడలా నిలబడతారు, ఆ చాటున ఆడోళ్ళం గడ్డిమోపులు, మట్టిగోతాలు దించుతాం. మెడ దాకా నీళ్ళు. సగం పూడిందో లేదో, తీమోతి కాలు జారింది. తల కనపడలేదు. నా చేతిలో గోతం అట్టాగే ఉండిపోయింది. మా అత్త అరవలేదు. "దించు" అంది నాతో. "నువ్వాగితే మిగిలినోళ్ళూ పోతారు. దించు." దించాను. ఆవిడ ఇంకోటి అందించింది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఇప్పుడు నాకూ ఎదిగిన కొడుకులున్నారు. ఆవిడ అక్కడెట్టా నిలబడిందో నాకు అందదు.

గండి పూడాక మగాళ్ళు వెతకడానికి పొలంలోకి పోయారు. ఆడోళ్ళని ఇంటికి పొమ్మన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డా. మా ఆయన వచ్చాడు, బురదకాళ్ళతోనే అరుగు మీద కూలబడ్డాడు. జకర్యా మావయ్య వచ్చాడు, తల అడ్డంగా ఊపాడు. మా అత్త పొయ్యి రాజేసి నీళ్ళు కాగబెడతా ఉంది, ఎవరికో తెలిసినట్టు. పొద్దుగూకబోతుంటే చేలగట్టు మీద ఇద్దరు కనపడ్డారు. పానకాలుగారు, ఆయన భుజమ్మీద వాలిపోయి మా తీమోతి. కాలు జారడం చూసి, తన వరి తనే తొక్కుకుంటా వెనకాల పడి, ఎక్కడో తుమ్మ చెట్టు దగ్గర జుట్టు పట్టుకుని లాగాడంట. నీళ్ళు కక్కించి, నడవగలిగిందాకా కూర్చోబెట్టాడంట.

మరుసటేడు కామందు మారాడా అంటారు మీరు. నాట్లకి శనారం రమ్మన్నాడు. ఎంతో కొంత మారినట్టే.

ఆ సాయంత్రం మాత్రం నేను వేళ్ళు మడిచి లెక్కేసుకున్నా. ఏసోబు వచ్చాడు. జకర్యా మావయ్య వచ్చాడు. తీమోతి వచ్చాడు. అత్తా నేనూ ఉన్నాం. "ఆయన్నొదిలేశావేమే?" అంది మా అత్త, వేణ్ణీళ్ళ చెంబు పానకాలుగారి చేతికిస్తా. ఇంకో వేలు మడిచాను.